మీ ఇంట్లో కిలో ఉప్పు ఎన్ని రోజులొస్తోంది?

అందరికీ నమస్తే. నల్గొండలో మా వంటింట్లోంచే మాట్లాడుతున్నా. ఇదిగో, కొత్త ఉప్పు ప్యాకెట్. విప్పేముందు దీని మీద ఈరోజు తారీఖు రాస్తున్నా. బీపీ వీడియోలో ఇదెందుకో చెప్తా.

పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే ఒక్క టీ చెంచాడు. మేం నలుగురం, రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మాకు మొదటిసారి 26 రోజులకే అయిపోయింది! కూరల్లో తక్కువే వేస్తాను కదా, ఎటు పోతోందని చూస్తే... మజ్జిగలో చిటికెడు, జొన్నరొట్టె పిండిలో చిటికెడు, పచ్చిపులుసులో గుప్పెడు. తొక్కులో పోసిందైతే ఈ లెక్కలోకే రాదు, అది ఎండాకాలంలోనే జాడీలోకి వెళ్లింది.

అన్నిట్లో ఒకేసారి తగ్గిస్తే ఇంట్లో లొల్లి. అందుకే ముందు రొట్టెలో, మజ్జిగలో మానేశాను. పచ్చిపులుసులో చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి ఉంటాయి కాబట్టి ఉప్పు సగం చేసినా ఎవరూ గుర్తుపట్టలేదు. తొక్కు మానమని చెప్పను, నేనే మానలేను. ఒక్క చెంచా వడ్డించి జాడీ లోపల పెట్టేస్తా, అంతే. సోడియం తక్కువ ఉప్పు అని దొరుకుతుంది, అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.

నడక వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. మన ఎండలకు తెల్లవారుజామునే బయల్దేరాలి. మద్యం బీపీ పెంచుతుంది. కల్లు చెట్టు నుంచి వచ్చింది కదా అంటారు మా ఇంట్లో, దానికీ మినహాయింపు లేదు. బీపీ మామూలుకొచ్చిందని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, అలా మామూలుకొచ్చిందే ఆ మాత్రల వల్ల.

ఇప్పుడు బీపీ చూసుకోవడం. అత్తమ్మా, ఇటు రండి. చాయ్ తాగి అరగంట దాటింది, ఐదు నిమిషాలుగా కూర్చునే ఉన్నారు. వీపు ఆనించాలి, కాళ్లు నేల మీద, చేయి గుండె ఎత్తులో. పట్టీ బట్ట మీద కాదు, ఒంటి మీదే చుట్టాలి. ఇంట్లో చూస్తే మాటిమాటికీ 135/85 దాటుతుంటే డాక్టర్‌కి చూపించాలి.

148/92. మధ్యలో "పాలు పొంగినయా" అని అడిగారు, విన్నారుగా? మాట్లాడితే నంబర్ పెరుగుతుంది. ఒక్క నిమిషం ఆగి మళ్లీ పెడదాం. పాలు నేను చూస్తా అత్తమ్మా, మీరు మాట్లాడకండి.