పిండిన రసం ఎన్నాళ్లు నిలుస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

ఆకునో కాయనో నూరి పిండిన పచ్చి రసం పొద్దున గ్లాసులో మెరుస్తుంది. సాయంత్రానికి గోధుమ రంగుకు తిరుగుతుంది. తప్పు మన చేతిది కాదు. మొక్క కణంలో ఎంజైములు ఒక అరలో, అవి పట్టుకునే పదార్థాలు మరో అరలో ఉంటాయి. నూరగానే ఆ గోడలు కూలతాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది, రంగు మారుతుంది. మరోపక్క తొక్కమీది సూక్ష్మజీవులకు తీపీ నీరూ ఒక్కచోటే దొరుకుతాయి. రంగు మార్పు కంటికి కనిపిస్తుంది, సూక్ష్మజీవుల పెరుగుదల చాలాసార్లు కనిపించదు. మనం గాభరాపడేది మొదటిదానికి, భయపడాల్సింది రెండోదానికి.

నిమ్మరసం కలిపితే చాలు అంటారు. అది సగం నిజం. అందులోని విటమిన్ సి రంగును కాపాడుతుంది, పులుపు సూక్ష్మజీవులను అదుపు చేస్తుంది. అయితే ఎంత పులుపు? పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది 4.6 కంటే తగ్గితేనే, నరాలను చచ్చుబరిచే బొటులిజం అనే జబ్బు తెచ్చే బాక్టీరియా పెరగదు. క్యారట్ రసం పీహెచ్ 6 దగ్గర ఉంటుంది, నాలుగు చుక్కల నిమ్మ దాన్ని అంత కిందికి దించలేదు. 2006లో అమెరికాలో సీసాల్లో అమ్మిన క్యారట్ రసం తాగి కొందరు బొటులిజం బారిన పడ్డారు. ఆ రసం తగినంత చల్లగా నిలవ ఉండకపోవడం వల్లే అలా జరిగి ఉంటుందని అధికారులు భావించారు.

తేనె సంగతీ అంతే. చిక్కగా ఉన్నంతసేపే తేనె చెడదు. రసంలో ఒక చెంచా కలిపితే పలచబడి, పులియబెట్టే ఈస్టు అనే సూక్ష్మజీవికి మేత అవుతుంది. ఏడాది నిండని పసిపిల్లలకైతే తేనె అసలు పట్టకూడదు.

నన్నడిగితే చలువను మించిన ఉపాయం లేదు. ఆకులను శుభ్రంగా కడగండి. సీసాను మరిగించి ఆరబెట్టండి. గాలికి చోటు లేకుండా అంచుదాకా నింపి, బిగించి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల లోపు ఉంచండి. తలుపు అరలో కాదు, లోపలి వైపు. ఒకటి రెండు రోజుల్లో తాగేయండి.

ఇంకా నిలవ ఉండాలంటే గడ్డకట్టించాలి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది కనుక సీసాలో ఖాళీ వదలాలి, లేదంటే పగులుతుంది. మంచు గడ్డల ట్రేలో పోయడం ఇంకా తేలిక. గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయంతే. రేపటికి రెండు గడ్డలు కావాలంటే రాత్రే తీసి ఫ్రిజ్‌లోకి మార్చండి, బయట గట్టుమీద కరగనివ్వకండి.

నమస్కారం.