హెవీ రెయిన్: సీన్లు గట్టివి, మిస్టరీలోనే కంతలు

2010లో పీఎస్3 మీద వచ్చిన హెవీ రెయిన్ అనే వీడియో గేమ్ మీద గొడవ ఇంకా తెగలేదు. కొందరికి మాస్టర్‌పీస్, కొందరికి బటన్లు నొక్కించే సినిమా. శవాల దగ్గర కాగితం బొమ్మలు వదిలే వరుస హంతకుడు ఒరిగామి కిల్లర్. అతను ఎత్తుకుపోయిన కొడుకు షాన్ కోసం తండ్రి ఈథన్ మార్స్ ఎంతకు తెగిస్తాడన్నదే కథ. హంతకుడెవరో ఇప్పుడు చెప్పేస్తున్నాం. ఆడనివాళ్లు వీడియో ఇక్కడే ఆపేయండి.

ముందు లిజర్డ్ చాప్టర్. కొడుకు ఆచూకీ కోసం హంతకుడు ఈథన్‌కు పెట్టే పరీక్షల్లో ఇదొకటి. ఐదు నిమిషాల్లో ఈథన్ తన వేలు తనే కోసుకోవాలి. గదంతా వెతికితే కత్తి, గొడ్డలి, రంపం లాంటివి దొరుకుతాయి. దేనితో కోయాలో మీ ఇష్టం. పళ్ల మధ్య కరిచిపట్టడానికి చెక్కముక్క, గాయం కాల్చడానికి ఇనుప కడ్డీ కూడా ఉన్నాయి. కడ్డీ ముందే వేడిచేసి పెట్టుకోండి. కోసేముందు ఊపిరి నిదానంగా తీయించే బటన్లు వస్తాయి, వాటిని వదలొద్దు. గడియారం తిరుగుతుంటే ఇవన్నీ మనమే సర్దుకోవాలి. అందుకే ఆ కోత మన చేతుల్లోంచే జరిగినట్టుంటుంది. వట్టి సినిమా ఈ పని చేయలేదు.

అసలు తంటా మిస్టరీతోనే. హంతకుడు డిటెక్టివ్ స్కాట్ షెల్బీ, అంటే మనం ఆడే నలుగురిలో ఒకడు. పాత వస్తువులమ్మే మాన్‌ఫ్రెడ్ కొట్లో కెమెరా కాసేపు షెల్బీని వదిలేస్తుంది, ఆ సందులోనే మాన్‌ఫ్రెడ్ హత్య. ఇంతవరకూ ఒప్పుకోవచ్చు. కానీ శవం దొరికాక కంట్రోలర్ మీద ఎల్2 బటన్ నొక్కి షెల్బీ ఆలోచనలు వినండి: చంపింది ఇంకెవరో అన్నట్టే ఉంటాయి. మనసులో మాట కూడా అబద్ధమైతే ఆడేవాడు దేన్ని నమ్మాలి? అది ముమ్మాటికీ మోసమే. ఈథన్ స్పృహ తప్పి, చేతిలో కాగితం బొమ్మతో లేవడానికీ కారణం చెప్పరు. అతనికీ హంతకుడికీ మధ్య ఉండాల్సిన అతీంద్రియ లింకును డెవలప్‌మెంట్‌లోనే కోసేశారు. లక్షణం ఉంచి కారణం తీసేస్తే మిగిలేది ఇదే.

ఇప్పుడు ఆడాలంటే 2019 పీసీ వెర్షన్ ఉంది. మౌస్, కీబోర్డ్ కంటే కంట్రోలరే నయం, ఆ కదలికలన్నీ స్టిక్ కోసమే రాసినవి. బటన్ తప్పితే రీలోడ్ చేయకండి. పాత్ర చచ్చినా కథ ఆగదు, గేమ్ ఓవర్ అన్నదే లేదు.

రెండోసారి ఆడేటప్పుడు షెల్బీ బాధిత కుటుంబాల ఇళ్లకు వెళ్లే సీన్లు ఓపిగ్గా చూడండి. దర్యాప్తు పేరుతో సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటే తన దగ్గరికి చేర్చుకుంటాడు, చివరికి కాల్చేస్తాడు. ఈ క్లూ ఎంత న్యాయమైందో! వాళ్ల నమ్మకం సంపాదించి ఆ ఆధారాలు అడిగి తీసుకున్నది మనమే.