పెన్నా బ్రిడ్జి మీద బండి, రన్‌వే మీద చిన్న విమానం

(షాట్: పెన్నా బ్రిడ్జి, సాయంత్రం, బండి హ్యాండిల్ మీద కెమెరా)

సాయంత్రం పూట నెల్లూరు నుంచి కోవూరు వైపు ఈ బ్రిడ్జి మీద బండి నడిపినవాళ్ళకి ఈ వీడియో సగం ముందే అర్థమైపోయినట్టే. కుడిపక్క నుంచి సముద్రపు గాలి తోస్తుంటుంది, మనకి తెలీకుండానే బండిని కాస్త కుడికి వాల్చి పోతుంటాం. ఇంతలో ఒక లారీ మనల్ని దాటుతుంది, గాలి టక్కున ఆగిపోతుంది, వాల్చిన బండి వాల్చినట్టే లారీ మీదకి పోబోతుంది. లారీ వెళ్ళిపోయాక మళ్ళీ ఒక్క తోపు, ఈసారి పిట్టగోడ వైపు. గాలి ఒకే తీరున కొడితే ఏదోలా సర్దుకుంటాం, ఇట్లా ఆగి ఆగి కొడితేనే తంటా. పైలట్లు దీన్నే గస్ట్ అంటారు, చిన్న విమానాలు దిగేటప్పుడు రన్‌వే పక్కకి పోవడానికి ఇదొక కారణం.

మా బాబాయికి ఒక అనుమానం. 2024 మార్చిలో కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ పెద్ద రవాణా విమానం ఏఎన్-32 దిగింది కదా, అదీ 33 మీటర్ల వెడల్పులో, మరి శిక్షణకి వాడే సెస్నాల్లాంటి బుల్లి విమానాలు అంత మంచి రన్‌వేలు పెట్టుకుని పక్కకి ఎందుకు పోతాయిరా అని.

బరువు బాబాయ్, బరువు. సెస్నా 172లో మనుషుల్ని ఎక్కించి ఇంధనం నింపినా 1,100 కిలోల చిల్లర, మన కారంతే. దిగేటప్పుడు వేగం 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. అంత నెమ్మదిగా వచ్చేదానికి 10 నాట్ల గాలి తేడా అంటే మాటలు కాదు.

(స్క్రీన్ మీద: గాలి 15 నాట్లు, గస్ట్ 25)

రెక్కకి కావాల్సింది దాని మీదుగా పారే గాలి వేగం. 25 నాట్ల ఎదురుగాలి ఒక్కసారిగా 15కి పడిపోయిందనుకోండి, రెక్క దగ్గర 65 కాస్తా 55 అవుతుంది. లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి మోసే బలం, ఈ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో పావు వంతు పైనే పోయినట్టు. వెయ్యి అడుగుల ఎత్తులో అయితే సర్దుకోవచ్చు, పది అడుగుల్లో ఎక్కడ సర్దుకుంటాం? అందుకే గస్ట్ తేడాలో సగం వేగం కలుపుకుని రమ్మంటారు, ఇక్కడ 5, అంటే 70తో. సగమే ఎందుకు అంటే, మరీ ఎక్కువ కలిపితే విమానం దిగకుండా రన్‌వే మీద తేలుతూ పోతుంది, తేలినంతసేపూ ఇంకో గస్ట్ కొట్టడానికి టైమిచ్చినట్టే.

ఇప్పుడు అసలు సీను. చక్రాలు తగిలాయి, హమ్మయ్య అనుకునేలోపు ఒక గస్ట్ విమానాన్ని నాలుగైదు అడుగులు లేపేసింది. టెన్షన్‌లో పైలట్ ముక్కు కిందికి నొక్కుతాడు. ముందు చక్రం ముందుగా తగిలి మళ్ళీ ఎగురుతుంది, మళ్ళీ నొక్కుతాడు, ప్రతి గెంతూ ముందుదానికంటే మొరటుగా ఉంటుంది, చివరికి ముందు చక్రం కాలు విరిగి ప్రొపెల్లర్ తారు రోడ్డుని కొరుకుతుంది. మొదటి గెంతు దగ్గరే ఫుల్ పవర్ ఇచ్చి పైకి లేచి మళ్ళీ చుట్టి వస్తే అయిపోయేది. కానీ కింద నలుగురు చూస్తుంటే ఆ పని చేయబుద్ధి కాదు, నా లెక్కలో సగం గొడవ ఇక్కడే.

పక్కగాలి సంగతి కూడా చెప్పాలి. సెస్నా 172 పుస్తకంలో 15 నాట్లు అని ఉంటుంది, అది ఆ విమానాన్ని పరీక్షించిన పైలట్ చేసి చూపించిన అంకె, మన నేర్పుకి గ్యారంటీ కాదు. పైగా దిగాక కూడా నిలువు తోక గాలికి తెరచాపలా పనిచేసి ముక్కుని గాలి వైపు తిప్పేస్తుంది. దాన్ని కాళ్ళ దగ్గరి పెడల్స్‌తో నేరుగా ఉంచాలి. గాలి వైపు రెక్క లేచిపోకుండా చేతిలో ఉన్న కంట్రోల్‌ని గాలి వచ్చే వైపుకి తిప్పి పట్టుకోవాలి, వేగం తగ్గేకొద్దీ ఇంకా తిప్పాలి, ఆగేదాకా వదలకూడదు.

ఇదంతా విని బాబాయి, "ఇంత యాతన ఎందుకురా, గాలి లేవకముందే పొద్దున్నే ఎగరొచ్చుగా" అన్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళని చాలాచోట్ల పొద్దున్నే ఎగరేయడానికి ఒక కారణం అదే.