సైన్స్ కిట్ రివ్యూ: మోటర్ తిరగలేదు, ఎందుకో చూడండి

నమస్తే అండి, హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో ఈ డబ్బా. మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకని ఆన్‌లైన్‌లో 899 రూపాయలకు కొన్నాను. మా పాప మూడో తరగతి. పది రోజులు ఇద్దరం దీనితోనే కుస్తీ పట్టాం, అప్పుడే కెమెరా ముందుకొచ్చాను. డబ్బా విప్పుతూ చేసే రివ్యూలు నేను నమ్మను. కంపెనీ పేరు మాత్రం అడగకండి.

మీద పదిహేను ప్రయోగాలని రాశారు. పసుపు కాగితం మీద సబ్బునీళ్లు పడితే ఎర్రబడటం, వంటసోడా, వెనిగర్‌తో అగ్నిపర్వతం... వీటికి కిట్ ఎందుకండి, వంటింట్లో ఉన్నవే కదా. పెరిస్కోప్ అద్దాలు రెండో రోజే ఊడిపోయాయి. ఫెవికాల్ పెట్టి అతికించాం.

ఇక మోటర్. దగ్గరగా చూపిస్తా. ఒక సెల్లు, రెండు పిన్నీసులు, గుండ్రటి అయస్కాంతం, రాగి తీగ. తీగను సెల్లు చుట్టూ పది చుట్లు చుట్టి తీసి, రెండు కొసలూ పిన్నీసుల కన్నాల్లో దూర్చాలి. బొమ్మలో ఉన్నట్టే పెట్టాం. కదల్లేదు. సెల్లు మార్చాం. ఊహూ. పాప మొహం వాడిపోయింది.

మా వీధి చివర మోటర్ వైండింగ్ షాపు ఉంది. యాసంగిలో చూడాలి, కాలిపోయిన బావి మోటర్లు వరసగా పేర్చి ఉంటాయి. అక్కడికే పట్టుకెళ్లాం. ఆయన తీగను ఒకసారి గోటితో గీరి చూసి, "కోటింగ్ గీకకుంటే కరెంట్ ఎట్ల పోతది చెల్లె?" అన్నాడు. పైకి రాగిలాగే మెరుస్తుంది గానీ దానికి ఎనామిల్ పూత ఉంటుంది. కిట్ పుస్తకంలో ఆ ముక్కే లేదు!

ఇంటికొచ్చి బ్లేడుతో రెండు కొసలూ నున్నగా గీకేశాను. ఈసారి కదిలింది, కానీ ఉయ్యాల ఊగినట్టు ఊగి ఆగిపోయింది. ఎందుకంటే తీగ చుట్టను ముందుకు తిప్పిన అయస్కాంత బలమే, అది సగం తిరిగాక వెనక్కి నెడుతుంది. అందుకే ఒక కొసను చుట్టూ గీకాలి, రెండోదాన్ని ఒక పక్కే గీకాలి. ఆ పూత ఉన్న సగంలో కరెంట్ తెగిపోతుంది, అప్పటికున్న ఊపుతో అది దాటేస్తుంది. చూడండి, వేలితో మెల్లగా తడుతున్నా... తిరుగుతోంది!

"మమ్మీ, తాత బావికాడి మోటర్ గూడ ఇట్లనేనా?" అంది పాప. అది ఏసీ కరెంట్‌ది, దాని తీరు వేరు. తిప్పేది మాత్రం అయస్కాంత బలమే.

మునిగేవి, తేలేవి అనే ప్రయోగానికి ఒక ప్లాస్టిక్ బంతి, ఒక ఇనుప బోల్టు ఇచ్చారు. రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలుతాయని మన పిల్లలకు ముందే తెలుసు, వాళ్లకు ఇదేం ఆనుతుంది! మడమలు రుద్దుకునే ప్యూమిస్ రాయిని బకెట్‌లో వేశాం. తేలింది. భూతద్దంతో చూస్తే ఒళ్లంతా గుల్లలే. రామప్ప ఇటుకా గుల్లబారిందే, అందుకే అంత తేలిక.

ఒక జాగ్రత్త. మోటర్ ఆగిపోతే తీగ, సెల్లు వేడెక్కుతాయి, వెంటనే తీసేయండి. అయస్కాంతాలు చంటిపిల్లలకు అందనివ్వకండి, రెండు మింగితే పేగులను పట్టేసుకుంటాయి.

899 పెట్టొచ్చా అంటే, నేనైతే మళ్లీ కొనను. తీగ ముక్కలు వైండింగ్ షాపాయన ఊరికే ఇచ్చాడు, అయస్కాంతం పాత స్పీకర్‌లో దొరుకుతుంది. అయిదుకి రెండున్నర ఇస్తున్నా, ఆ అర గాజు భూతద్దానికి. ఆదివారం పక్కింటి పిల్లలు కూడా మోటర్ చేయడానికి వస్తున్నారు. బ్లేడు మాత్రం నా చేతిలోనే ఉంటుంది.