గేమ్ డౌన్‌లోడ్ పెట్టంగనే ఆఫీస్ కాల్ ఎందుకు ముక్కలైతది? | హన్మకొండ ఇంట్లో వైఫై

నమస్తే అందరికీ. సెలవులకు వరంగల్ వచ్చి, ఇక్కడి నుంచే ఆఫీస్ పని చేసుకునేటోళ్ల కోసం ఈ వీడియో. న్యూయార్క్‌ల పొద్దున 10 గంటల మీటింగంటే, ఎండకాలం లెక్కన మనకు రాత్రి 7:30. గప్పుడే కింద టీవీల సీరియల్ నడుస్తది, పైన అక్క కొడుకు 100 జీబీ గేమ్ డౌన్‌లోడ్ పెడ్తడు. మీ గొంతు అవతలోళ్లకు ముక్కలు ముక్కలు వినపడ్తది. ఇంట్లోళ్లు అనేది ఒక్కటే మాట, "ప్లాన్ పెంచుదాం" అని. పైసలు కట్టేముందు జర ఆగుండ్రి.

వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ ఉంటే సాలు. 100 ఎంబీపీఎస్ లైన్‌ల అది దొరకక కాదు. గేమ్ ఒకేసారి చానా కనెక్షన్లు తెరిచి, లైన్ నిండేదాక గుంజుతది. డాటా ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగ పోతది. పట్టని ప్యాకెట్లన్నీ బఫర్‌ల, అంటే డాటా కాసేపు ఆగే జాగల, వరుస కడ్తయ్. మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డు యాది చేసుకోండి. స్కూటీ ఎంత చిన్నదైనా బస్సుల ఎనక ఆగాల్సిందే. మీ మాట మోసే చిన్న ప్యాకెట్ గతి కూడా గంతే. దీన్ని బఫర్‌బ్లోట్ అంటరు. ప్లాన్ 200 చేస్తే, సర్వర్ ఇచ్చినంతసేపు గేమ్ 200 గుంజుతది, వరుస మళ్ల మొదలు.

ఇగో, స్క్రీన్ చూడుండ్రి. ల్యాప్‌టాప్‌ల రెండు కమాండ్ ప్రాంప్ట్‌లు తెరవండి. ఒకదాంట్ల రౌటర్ అడ్రస్‌కు పింగ్ పెట్టండి, అంటే ఒక చిన్న ప్యాకెట్ పోయి రానీకి ఎంత సేపు పడ్తదో కొలుసుడు. చానా ఇండ్లల్ల అది 192.168.1.1 ఉంటది, డబ్బా కింది స్టిక్కర్ మీద రాసుంటది. రెండోదాంట్ల 8.8.8.8, ఇది బయట ఇంటర్నెట్‌ల ఉండే గూగుల్ సర్వర్ అడ్రస్. రెండిటి చివర్న మైనస్ టి (-t) కొడితే ఆగకుంట నడుస్తది. ముందు ఖాళీ లైన్‌ల ఎంత వస్తున్నదో రాసుకోండి. ఇప్పుడు పైన గేమ్ డౌన్‌లోడ్ మొదలుపెట్టియ్యండి.

రౌటర్ పింగ్ 3, 4 మిల్లీసెకన్ల కాడనే ఉండి, 8.8.8.8 ఒక్కటే 300 దాక ఎగిరితే వరుస ఆపరేటర్ నుంచి వచ్చే లైన్‌ల ఉన్నది. రౌటర్ పింగే ఎగిరితే తప్పు వైఫైది. ఈ రెండు వేరే వేరే జబ్బులు, మందులు కూడా వేరే.

వైఫై అయితే, డౌన్‌లోడ్ చేసే కంప్యూటర్‌ను కేబుల్ మీదికి మార్చండి. క్యాట్ 5ఈ కేబుల్ సాలు. కాకపోతే ఎనిమిది తీగలూ కొట్టించండి, నాలుగే కొడితే 100 ఎంబీపీఎస్ దాటది. రౌటర్‌ను సజ్జ మీద ఇనుప డబ్బాల ఎనక పెట్టకండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై స్పీడే గానీ మన స్లాబులు, గోడలు దాటంగ బాగా తగ్గుతది. కాల్ మాట్లాడే అర్రలనే రౌటర్ ఉంటే మంచిది.

లైన్ అయితే, డౌన్‌లోడ్‌కు పగ్గం ఎయ్యాలె. గేమ్‌లు దించుకునే స్టీమ్ యాప్ అయితే, దాని సెట్టింగ్స్‌ల డౌన్‌లోడ్స్‌కు పోయి స్పీడ్ లిమిట్ పెట్టండి. 100 ఎంబీపీఎస్ లైన్‌కు 60 ఇయ్యండి. అంకె ఏ లెక్కల అడుగుతున్నదో చూసుకోండి: కిలోబిట్లయితే 60000, కిలోబైట్లయితే 7500. చానా మంది తప్పు చేసేది ఈడనే. 2 గంటల 13 నిమిషాల్ల అయ్యే గేమ్‌కు 3 గంటల 42 నిమిషాలు పడ్తది, పిలగానికి ముందే చెప్పండి. విండోస్ అప్‌డేట్‌కైతే డెలివరీ ఆప్టిమైజేషన్‌ల ఇట్లాంటి లిమిటే ఉన్నది.

అప్‌లోడ్‌ను మర్చిపోవద్దు. పెండ్లి వీడియోలు ఫోన్ నుంచి గూగుల్ ఫోటోస్‌కు ఎక్కుతున్నా మీ గొంతు ఆగుతది. డౌన్‌లోడ్ కూడా మందగిస్తది, ఎందుకంటే "ముట్టింది" అని చెప్పే ప్యాకెట్లు పోయే తొవ్వ కూడా అదే. మీటింగ్ అయ్యేదాక బ్యాకప్ బంద్ పెట్టండి.

ఒక్కొక్క దాంట్ల లిమిట్ పెట్టుడు తిప్పలనిపిస్తే, ఎస్‌క్యూఎం ఉన్న రౌటర్ తీసుకోండి, అంటే వరుస పెరగకుంట రౌటరే చూసుకునే పద్ధతి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌ల ఇది దొరుకుతది, కేక్ అనే పద్ధతి పెట్టుకోండి. కొలిచిన స్పీడ్‌ల 85 నుంచి 90 శాతం రాయండి, డౌన్‌లోడ్‌కు, అప్‌లోడ్‌కు వేరే వేరేగ. పూర్తి 100 రాస్తే వరుస మళ్ల ఆపరేటర్ దిక్కే కడ్తది, పెట్టినా పెట్టనట్టే. అగ్గువ రౌటర్ల ప్రాసెసర్ ఇంత పని మోయలేక స్పీడే పడిపోతది, అందుకే కొనేముందు ఎస్‌క్యూఎం పెట్టినంక ఎంత స్పీడ్ ఇస్తదో అడుగుండ్రి.

లిమిట్ పెట్టినంక డౌన్‌లోడ్ నడుస్తుండంగనే పింగ్ మళ్ల చూడండి. ముందు ఖాళీ లైన్‌ల వచ్చిన అంకె మీద 20, 30 మిల్లీసెకన్లే పెరిగిందంటే కాల్ పెట్టుకోవచ్చు. ఇంకా ఎగురుతుంటే 60ని 50 చేసి చూడండి.