ఫాలోవర్ల లెక్క, గల్లాపెట్టె లెక్క

నేత కుటుంబాల పెద్దలకు, ఇంటి నుంచే చీరల వ్యాపారం సాగిస్తున్న సోదరీమణులకు నమస్కారం.

ఇన్‌స్టాగ్రామ్ పేజీకి ఫాలోవర్లు పెరగడం లేదన్నది మీలో చాలామంది బాధ. దాని సంగతికి వెళ్లే ముందు మగ్గం లెక్క చూద్దాం. ఉప్పాడ జాందానీ చీర, పనితనాన్ని బట్టి, వారాలు, ఒక్కోసారి నెలలు మగ్గం మీదే ఉంటుంది. నాలుగు మగ్గాలున్న ఇంటి నుంచి నెలకు అయిదారు చీరలు బయటికి వస్తాయనుకుంటే, వాటికి కావలసింది అయిదారుగురు కొనుగోలుదారులే గాని లక్షమంది చూపరులు కారు. ఆ లక్షమందీ నిజంగానే వచ్చి అడిగితే, "స్టాకు లేదండీ" అని బదులివ్వడానికే మీ రోజంతా చాలదు.

ఎప్పుడో ఒకసారి ఫాలో బటన్ నొక్కిన మనిషికి మీరు ఈ రోజు పెట్టిన ఫోటో కనబడుతుందన్న హామీ ఏమీ లేదు. ఇన్‌స్టాగ్రామ్ మొదట్లో పోస్టులను పెట్టిన వేళల వరుసలోనే చూపించేది. 2016 నుంచి, ఎవరికి ఏది నచ్చవచ్చునో అంచనా వేసి ఆ క్రమంలో చూపిస్తోంది. వ్యాపార పేజీల కన్నా బంధుమిత్రుల పోస్టులకే పెద్దపీట వేస్తానని ఫేస్‌బుక్ 2018 జనవరిలో బాహాటంగానే ప్రకటించింది. 2020లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించిన కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చిన రీల్స్ (చిన్న వీడియోలు) తీరు దీనికి భిన్నం: అవి మిమ్మల్ని ఫాలో కానివారికి కూడా చేరతాయి కాబట్టి, మూడు వందల ఫాలోవర్లున్న పేజీలో బుటా నేసే వీడియో వేలమంది చూడవచ్చు, ముప్పై వేలున్న పేజీ వీడియో ఎవరికీ పట్టకుండా పోవచ్చు.

అలాగని ఆ అంకెకు విలువే లేదనడం సరికాదు. ముందు డబ్బు పంపి, తర్వాత చీర కోసం ఎదురుచూడవలసిన కొత్తవారు, డల్లాస్‌లోని తెలుగు ఉద్యోగిని అయినా విశాఖపట్నంలోని ఉపాధ్యాయురాలైనా, పేజీ బొత్తిగా ఖాళీగా కనిపిస్తే వెనకాడతారు. అయితే వారు శ్రద్ధగా చదివేది కామెంట్లను, కొన్నవారు చీర కట్టుకుని పెట్టిన ఫోటోలను, రంగు తేడా వస్తే వెనక్కి తీసుకుంటారా అన్న ప్రశ్నకు మీరిచ్చిన జవాబును. ఒకప్పుడు మామూలు ఖాతాకు పదివేలమంది ఫాలోవర్లుంటేనే స్టోరీలో లింకు పెట్టే వీలుండేది. 2021 అక్టోబరులో ఆ సౌకర్యాన్ని అందరికీ ఇచ్చేయడంతో, పదివేల కోసం పరుగెత్తడానికి ఉన్న గట్టి కారణం ఒకటి తొలగిపోయింది.

ఇక కొని తెచ్చుకునే ఫాలోవర్ల సంగతి. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ దొంగ ఖాతాలను ఏరివేసినప్పుడు పెద్ద పెద్ద ప్రముఖులకే లక్షల ఫాలోవర్లు ఒక్కసారిగా తగ్గారు. వ్యాపారం కోసం దొంగ ఫాలోవర్లను తెలిసి కొనడాన్నీ అమ్మడాన్నీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో తెచ్చిన నిబంధన నిషేధించింది. "పేజీని ఫాలో అయి ముగ్గురిని ట్యాగ్ చేస్తే చీర ఉచితం" అనే పోటీలను కూడా నేను ఈ కోవకు దగ్గరగానే చూస్తాను. అలా వచ్చేవారిలో ఎక్కువమందికి కావలసింది ఉచితం, మీ చీర కాదు.

ఫాలోవర్ల కన్నా నమ్మదగిన దారి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా, అంటే ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే ఏర్పాటు. ఒక్కొక్క జాబితాలో 256 మందికి మించి పట్టరు, అదీ మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. ఈ పరిమితులే మీకు మేలు చేస్తాయి: మీ నంబరు దాచుకున్న మనిషి మళ్లీ కొనే ఉద్దేశం కొంతైనా ఉన్నవారు, పైగా పేజీ హ్యాక్ అయినా ఆ నంబర్లు మీ దగ్గరే ఉంటాయి. ప్రకటనకు డబ్బు పెట్టదలిస్తే ఫాలోవర్లను పెంచేది కాక, నొక్కగానే మీ వాట్సాప్ తెరుచుకునేది ఎంచుకోండి. ఖర్చుకు ఎన్ని ఎంక్వైరీలు వచ్చాయో అప్పుడే తేలుతుంది.

ఆర్డర్లు రాసుకునే పుస్తకంలో రెండు గడులు అదనంగా గీసి, మన గురించి వారికెలా తెలిసింది, ఇది వారి ఎన్నో కొనుగోలు అన్నవి రాయండి. ఒక పెళ్లిళ్ల సీజను గడిచాక చూస్తే, పాతవారూ వారు పంపినవారూ ఎక్కువైతే, రీల్స్ తీసే సమయంలో సగం వారికి కొత్త చీరల ఫోటోలు పంపడానికి మళ్లించండి. వీడియో చూసి వచ్చినవారు ఎక్కువైతే, ఏ వీడియో అని అడిగి తెలుసుకుని అలాంటివే మరికొన్ని తీయండి.