తేరుకున్న నీటిలో ఏం కనిపిస్తుంది?

[తెర మీద: కిటికీ ముందు బల్ల, దాని మీద గాజు గ్లాసులో నీళ్ళు. ఒక చెయ్యి చెంచాడు మట్టి వేసి గిరగిరా కలుపుతుంది. చెంచా బయటికి తీసేస్తుంది.]

ఈ గ్లాసుని ఇక ముట్టుకోను. వీడియో అయ్యేదాకా ఇది ఇక్కడే నా పక్కన ఉంటుంది. మధ్యమధ్యలో దీని మీద ఒక చూపు వేసి ఉంచండి.

బురదనీళ్ళు కాసేపటికి తేటపడితే "నీళ్ళు తేరుకున్నాయి" అంటాం. పెద్ద దెబ్బ తిన్న మనిషి మెల్లగా మామూలు మనిషి అవుతుంటే "ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాడు" అంటాం. రెండు చోట్లా ఒకటే మాట. నీళ్ళు కలకబారతాయి, మనసు కలత పడుతుంది. ఇవి కూడా ఒక్క ఇంటి మాటలే. మనసుని నీటిలా చూడటం మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు, అది మన నోట్లోనే ఉంది. అయితే ఆ పోలికని చివరిదాకా వెంబడించి చూస్తే ఎక్కడికి తీసుకెళ్తుందో ఈరోజు చెప్పాలని ఉంది.

[తెర మీద: గ్లాసు దగ్గరగా. బరువైన రేణువులు జారుతూ అడుగుకి చేరుతుంటాయి.]

ముందు గ్లాసులో ఏం జరుగుతోందో చూద్దాం. మట్టిలో రకరకాల సైజు రేణువులు ఉంటాయి. నీళ్ళ లోతు 10 సెంటీమీటర్లు అనుకోండి. మిల్లీమీటరులో పదో వంతు ఉండే ఇసుక రేణువు పైనుంచి అడుగుకి చేరడానికి 12 సెకన్లు చాలు. దానికి పది రెట్లు చిన్నదైతే 20 నిమిషాల దాకా పడుతుంది. ఇంకో పది రెట్లు చిన్నదైన బంకమట్టి రేణువుకి ఒక రోజు దాటుతుంది. పది రెట్లు చిన్నదైన రేణువు వంద రెట్లు నెమ్మదిగా దిగుతుంది. 1851లో జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త కట్టిన లెక్క ఇది.

కళ్ళు మూసుకుని కూర్చున్న ప్రతివాళ్ళకీ ఈ లెక్క అనుభవమే. ఫోన్ పక్కన పెట్టగానే ఆ పూట హడావిడి తొందరగానే దిగిపోతుంది. పొద్దున ఎవరో అన్న మాట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇక "నేనెందుకూ పనికిరాను" లాంటి ఏళ్ళనాటి సన్నటి నమ్మకం ఉంటుంది చూడండి, అది నీటి రంగులో కలిసిపోయి అసలు ఉన్నట్టే తెలియదు. పది నిమిషాలు ధ్యానం చేసి "నా వల్ల కావట్లేదు" అని లేచిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ళ వల్ల అయింది. ఇసుక దిగింది, బంకమట్టి మిగిలింది, అంతే.

మరి తొందరగా దిగడానికి మట్టిని చేత్తో అదమొచ్చా? వేలు పెట్టగానే నీళ్ళు మళ్ళీ కలకబారతాయి. "ఆలోచనలు ఆగాలి, ఆగాలి" అని లోపల పోట్లాడటం కూడా చెంచా తిప్పడం లాంటిదే. చైనాలో పుట్టిన తావో తె చింగ్ అనే ప్రాచీన గ్రంథం 15వ అధ్యాయంలో ఇదే ప్రశ్న ఉంది: బురదనీటిని ఎవరు తేటపరచగలరు? కదపకుండా ఉంచితే మెల్లగా అదే తేటపడుతుందని జవాబు.

[తెర మీద: ఐదు వెడల్పాటి గిన్నెలు. ఒక్కొక్క దాని మీదికే వెలుగు వస్తుంది.]

అయితే కలతలన్నీ మట్టి రకానివే కావు. ఈ సంగతిని బుద్ధుడు చెప్పినంత వివరంగా చెప్పినవాళ్ళు నాకు కనిపించలేదు. బుద్ధుడి బోధల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో సంగారవుడు అనే బ్రాహ్మణుడు ఆయన్ని ఒక ప్రశ్న అడుగుతాడు. ఎంతో కాలం వల్లె వేసిన మంత్రాలు కూడా ఒక్కోసారి గుర్తుకి రావు, ఒక్కోసారి వల్లె వేయనివి కూడా తడుతాయి, ఎందుకు? జవాబుగా బుద్ధుడు ఐదు గిన్నెల నీళ్ళని పోలికగా చెప్తాడు. వాటిలో ఒక మనిషి తన ముఖం చూసుకోవాలి.

మొదటి గిన్నెలో లక్క, పసుపు, నీలి లాంటి రంగులు కలిసి ఉన్నాయి. అది కోరిక. రంగునీళ్ళు చూడటానికి అందంగానే ఉంటాయి, ముఖం మాత్రం ఉన్నదున్నట్టు కనపడదు.

రెండోది కుతకుతా ఉడుకుతోంది. అది ద్వేషం. కింద మంట ఉన్నంతసేపు ఈ గిన్నె ఎదురుగా ఎన్ని గంటలు కూర్చున్నా లాభం లేదు. ముందు మంట ఎక్కడుందో చూడాలి. ఎవరి మీద ఆ కోపం, దేనికి?

మూడో గిన్నె మీద నాచు పట్టింది. అది మందకొడితనం, మత్తు. నాకు ఎక్కువగా పనికొచ్చిన గిన్నె ఇదే. నాచు పారే నీటికంటే నిలవ నీటికే తేలిగ్గా పడుతుంది. అంటే కదలకుండా కూర్చున్నంత మాత్రాన నిశ్చలత వచ్చినట్టు కాదు. సగం నిద్రలో ఉన్న హాయిని ప్రశాంతత అనుకుని నేను చాలా రోజులు మోసపోయాను. నిశ్చలంగా ఉన్న మనసు చురుగ్గా ఉంటుంది, ఒక్క చుక్క పడినా దానికి తెలుస్తుంది.

నాలుగోది గాలికి అలలు లేచిన నీరు. ఆందోళన, పశ్చాత్తాపం. మనం రోజూ టెన్షన్ అనేది చాలావరకు ఇదే.

ఐదోది బురదనీరు, పైగా చీకట్లో పెట్టారు. అది సందేహం. ఈ ఒక్క గిన్నెకే చీకటి కూడా తోడైంది. దీన్ని ఒంటరిగా పెట్టుకుని కూర్చోవడం కంటే నమ్మకమున్న మనిషి ముందుకి, వెలుగులోకి తీసుకురావడం మంచిదని నాకనిపిస్తుంది.

[తెర మీద: మళ్ళీ గ్లాసు. పైభాగం రంగు కొంచెం పలచబడింది.]

సరే, నీళ్ళు తేరుకున్నాయనుకుందాం. ముఖం కనిపించింది. అక్కడితో అయిపోయిందా?

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయంలో సరిగ్గా ఈ చోటే కథ మొదలవుతుంది. ఆత్మ అంటే ఏమిటో తెలుసుకోవాలని దేవతల నుంచి ఇంద్రుడు, అసురుల నుంచి విరోచనుడు ప్రజాపతి దగ్గరికి వస్తారు. 32 ఏళ్ళు శిష్యులుగా ఉంటారు. అప్పుడు ప్రజాపతి వాళ్ళని నీళ్ళ పాత్రలో చూసుకోమంటాడు. చూశారు. బాగా అలంకరించుకుని మళ్ళీ చూడమన్నాడు. మళ్ళీ చూశారు. చక్కటి బట్టలు, నగలు, తమ రూపం. ఇద్దరూ తృప్తిగా బయల్దేరారు.

విరోచనుడు నేరుగా ఇంటికి వెళ్ళి, ఈ దేహమే ఆత్మ, దీన్నే కొలవండి అని తనవాళ్ళకి బోధించాడు. ఇంద్రుడికి దారి మధ్యలో అనుమానం వచ్చింది. ఒళ్ళు అలంకరిస్తే నీడకీ అలంకారం వచ్చింది. మరి కళ్ళు పోతే నీడకీ కళ్ళు పోతాయి కదా? ఈ ఒళ్ళే పోతే? వెనక్కి తిరిగాడు. మళ్ళీ 32 ఏళ్ళు, మళ్ళీ 32, చివర్లో ఇంకో 5. మొత్తం 101 ఏళ్ళు.

నేను ఈ కథలో ఆగిపోయేది బోధ దగ్గర కాదు, ఆ నడిదారిలో. దేవతల రాజు, తృప్తిగా ఇంటికి పోతున్నవాడు, తన తృప్తినే అనుమానించి వెనక్కి తిరగడం. ఎంత ధైర్యం కావాలి అందుకు!

[తెర మీద: సరస్సు. దూరం నుంచి చూస్తే అందులో ఆకాశం, కొండ. కెమెరా ఒడ్డుకి వచ్చి తిన్నగా కిందికి వంగితే అడుగున గులకరాళ్ళు.]

ఇద్దరూ చూసింది ఒకే నీటిని. నీటికి ఒక గుణం ఉంది. దూరంగా నిలబడి ఏటవాలుగా చూస్తే నీళ్ళు అద్దంలా పనిచేస్తాయి, ఆకాశాన్నీ కొండల్నీ మనకే తిప్పి చూపిస్తాయి. దగ్గరికి వచ్చి తిన్నగా కిందికి చూస్తే మీద పడిన వెలుగులో దాదాపు 2 శాతమే వెనక్కి తిరుగుతుంది, మిగతాది లోపలికి పోతుంది. అందుకే అడుగు కనిపిస్తుంది. నిశ్చలమైన నీరు ముఖమూ చూపిస్తుంది, లోతూ చూపిస్తుంది. విరోచనుడు ముఖం దగ్గర ఆగాడు.

మనమూ ఆగుతాం. కొంచెం ప్రశాంతత దొరకగానే "నేను చాలా ప్రశాంతమైన మనిషిని" అని ఒక కొత్త బొమ్మ తయారవుతుంది. శంకరాచార్యుల పేరున ఉన్న ఆత్మబోధలో దీనికి ఒక మంచి పోలిక ఉంది. కతక ఫలం, అంటే చిల్లగింజ, దాని పొడి వేస్తే బురదనీరు తేటపడుతుంది. సన్నటి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగిపోతాయి. నీటిని తేటపరిచాక ఆ పొడి కూడా వాటితోపాటే అడుగుకి పోతుంది. జ్ఞానం కూడా తన పని అయ్యాక అలాగే కనుమరుగవుతుందట.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. ఇదంతా విని, ఏ కదలికా లేని జీవితం కావాలేమోనని భయపడకండి. గీత రెండో అధ్యాయం 70వ శ్లోకంలో సముద్రం ఉంది. నదులన్నీ వచ్చి పడుతూనే ఉంటాయి, అది నిండుతూనే ఉంటుంది, చలించదు. పైన అల ఎంత ఎగిరినా, దాని ఊపు రెండు అలల మధ్య దూరంలో సగం లోతుకి వెళ్ళేసరికి దాదాపు తెలియకుండా పోతుంది. 100 మీటర్ల ఎడంతో వచ్చే అలలైతే 50 మీటర్ల కింద వాటి జాడ ఉండదు. అలలు ఆగనక్కర్లేదు, లోతు ఉంటే చాలు.

[తెర మీద: గ్లాసు, కదలని ఫ్రేములో.]

ఇప్పుడు మన గ్లాసు చూడండి. అడుగున ఇసుక పొర. పైన కొంచెం మేర వెనక ఉన్న కిటికీ గీతలు లీలగా తెలుస్తున్నాయి. మధ్యలో పొగలా ఇంకా ఉన్నది సన్నటి మట్టి, దానికి రేపటిదాకా పడుతుంది. నేను మాట్లాడటం ఆపేస్తున్నాను. ఒక్క నిమిషం దీన్నే చూద్దాం.

[60 సెకన్లు. మాట లేదు, సంగీతం లేదు. గ్లాసు మాత్రమే.]